కార్ల్ పాల్ లింక్

కార్ల్ పాల్ లింక్ (జనవరి 31, 1901 - నవంబర్ 21, 1978) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. రక్తనాళాలలో రక్తం గడ్డకట్టకుండా నివారించే డైకుమరాల్, వార్ఫరిన్ అనే మందులు ఈయన ప్రయోగశాలలోనే వెలుగు చూశాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలో పశువుల ప్రాణాలు తీస్తున్న విషమేమిటో కనుగొనడానికి పూనుకొన్న ఈయన బృందం, చివరికి ఆ విషాన్నే మనుషుల ప్రాణాలు నిలిపే ఔషధంగా మలచింది. ఈ మార్పు కేవలం ఒక రసాయనాన్ని కనుగొనడంతో జరగలేదు. రక్తంపై దాని ప్రభావాన్ని కొలిచే పరీక్ష, ప్రభావం మితిమీరితే దానిని వెనక్కు తిప్పే విరుగుడు, ఈ రెండూ తోడైన తరువాతనే ఆ విషం మందు కాగలిగింది. రక్తాన్ని పలుచబరిచే మందుగా వ్యవహారంలో ఉన్న వార్ఫరిన్‌ను నేడు సురక్షితంగా వాడడానికి కూడా ఈ రెండే ఆధారం.

బాల్యం, విద్యాభ్యాసం

లింక్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో లాపోర్ట్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి లూథరన్ సంప్రదాయానికి చెందిన క్రైస్తవ మతబోధకుడు. ఆ దంపతుల పదిమంది సంతానంలో లింక్ ఒకడు. ఉన్నత విద్యకై మాడిసన్ నగరంలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి, వ్యవసాయ రసాయన శాస్త్రంలో 1922లో పట్టభద్రుడయ్యాడు. 1923లో ఎమ్.ఎస్. పట్టాను, 1925లో పి.హెచ్.డి. పట్టాను అదే విశ్వవిద్యాలయం నుండి పొందాడు.

తరువాత పరిశోధక వేతనంపై ఐరోపా వెళ్ళాడు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో పిండిపదార్థాల రసాయనంలో నిపుణుడైన జేమ్స్ ఇర్విన్ వద్ద కొంతకాలం పనిచేశాడు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో, 1923లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రిట్జ్ ప్రెగ్ల్ వద్ద సూక్ష్మ రసాయన విశ్లేషణను అభ్యసించాడు. మిల్లీగ్రాముల పరిమాణంలో ఉన్న పదార్థాన్ని సైతం విశ్లేషించగల ఈ విద్య తరువాతి కాలంలో లింక్‌కు ఎంతో అక్కరకు వచ్చింది. ఆపైన స్విట్జర్లాండులోని జూరిచ్‌లో పాల్ కారర్ ప్రయోగశాలలో చేరాడు. ఈ ప్రవాస కాలంలోనే లింక్‌కు క్షయవ్యాధి సోకింది. ఆ రోజులలో క్షయకు మందు లేదు. విశ్రాంతి, కొండగాలి మాత్రమే చికిత్స. దావోస్ కొండలలో కొంతకాలం గడిపి ఆయన కోలుకున్నాడు.

1927లో తాను చదివిన విశ్వవిద్యాలయానికే అధ్యాపకుడిగా తిరిగి వచ్చాడు. పదవీ విరమణ వరకు అక్కడే కొనసాగాడు. తొలి సంవత్సరాలలో వృక్షరోగ శాస్త్రజ్ఞుడు జె.సి. వాకర్‌తో కలిసి ఉల్లిపాయలపై పరిశోధన చేశాడు. తెల్ల ఉల్లికి పట్టే ఒక శిలీంధ్రపు తెగులు రంగు ఉల్లికి ఎందుకు పట్టదన్నది వారి ప్రశ్న. రంగు పొరలలో ఉండే ప్రోటోకాటెక్యుయిక్ ఆమ్లం అనే పదార్థం ఆ శిలీంధ్రాన్ని అడ్డుకొంటుందని 1929లో చూపారు. రైతు పొలంలో కనిపించే సమస్యకు రసాయన కారణం వెదికే పద్ధతి ఆ నాటి నుండే ఆయనకు అలవడింది.

స్వీట్ క్లోవర్ జబ్బు

స్వీట్ క్లోవర్ చిక్కుడు కుటుంబానికి చెందిన పశుగ్రాసపు మొక్క. చలిని తట్టుకొని, సారం తక్కువైన నేలలో కూడా పెరుగుతుంది కనుక ఉత్తర అమెరికా రైతులు దీనిని విరివిగా పండించేవారు. 1920 దశకంలో కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను ఈ గ్రాసం తిన్న పశువులు అంతుపట్టని జబ్బుతో చనిపోసాగాయి. కొమ్ములు కోసినప్పుడు, విత్తులు కొట్టినప్పుడు అయిన చిన్న గాయాల నుండి రక్తం ఆగకుండా కారిపోయేది. కొన్ని పశువులలో ఏ గాయమూ లేకుండానే లోపల రక్తస్రావమయ్యేది.

అంటారియో పశువైద్య కళాశాలకు చెందిన ఫ్రాంక్ స్కోఫీల్డ్ ఇది అంటువ్యాధి కాదని, బూజు పట్టి చెడిపోయిన స్వీట్ క్లోవర్ మేత వలన కలుగుతున్నదని 1920 దశకపు తొలినాళ్ళలో తేల్చాడు. ఒకే గడ్డిమేటు నుండి మంచి కాడలను, చెడిన కాడలను వేరుచేసి కుందేళ్ళకు పెట్టి చూడగా, చెడిన కాడలు తిన్న వాటికే రక్తస్రావం కలిగింది. నార్త్ డకోటాకు చెందిన లీ రోడెరిక్, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ప్రోథ్రాంబిన్ అనే ప్రోటీను ఈ పశువుల రక్తంలో తగ్గిపోతున్నదని కనుగొన్నాడు. మేత మాన్పించి, ఆరోగ్యంగా ఉన్న పశువు రక్తాన్ని ఎక్కిస్తే కొన్ని బతికేవి. అయితే గడ్డిలో ఉన్న ఆ పదార్థమేమిటో మాత్రం ఎవరికీ తెలియలేదు.

1933 నాటి మంచుతుపాను

1933 ఫిబ్రవరిలో ఒక శనివారం నాడు, విస్కాన్సిన్‌లోని డీర్ పార్క్ ప్రాంతానికి చెందిన ఎడ్ కార్ల్సన్ అనే రైతు మంచుతుపానులో సుమారు 190 మైళ్ళు (300 కిలోమీటర్లకు పైగా) ప్రయాణించి మాడిసన్ చేరుకున్నాడు. ఆయన వెంట తెచ్చినవి మూడు: చనిపోయిన ఒక పెయ్య, ఒక పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తం, సుమారు 100 పౌనుల చెడిన స్వీట్ క్లోవర్ గడ్డి. పశువైద్య కార్యాలయం మూసి ఉండడం వలన ఆయన జీవరసాయన విభాగానికి వచ్చి లింక్‌ను కలుసుకున్నాడు.

ఆ రైతుకు లింక్ చెప్పగలిగినది ఏమంత లేదు. చెడిన గడ్డి పెట్టడం మానివేయాలి, వీలైతే రక్తం ఎక్కించాలి. అంతకు మించి చికిత్స లేదు. ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న ఆ రోజులలో ఉన్న మేత పారవేసి కొత్త మేత కొనే స్తోమత చిన్న రైతుకు లేదు. కార్ల్సన్ వచ్చిన దారినే తిరిగి వెళ్ళాడు. ఆ క్యానులోని రక్తాన్ని చూసి లింక్, ఆయన విద్యార్థి యూజీన్ షోఫెల్ ఎంతో చలించిపోయారు. ఆ సాయంత్రమే వారు ఆ రక్తంతో, గడ్డితో పని మొదలుపెట్టారు. స్వీట్ క్లోవర్‌కు పరిమళాన్ని, చేదును కలిగించే కుమరిన్ అనే పదార్థంపై లింక్ బృందం అప్పటికే శ్రద్ధ చూపుతూ ఉండడం కూడా ఇందుకు కలిసివచ్చింది.

డైకుమరాల్ ఆవిష్కరణ

గడ్డి నుండి విషాన్ని వేరుచేయడానికి ఆరేళ్ళకు పైగా పట్టింది. ఆలస్యానికి ముఖ్యకారణం కొలత. గడ్డి సారాన్ని ఎన్ని భాగాలుగా విడదీసినా, ఏ భాగంలో విషం ఎంత ఉన్నదో చెప్పగల పరీక్ష లేకపోతే ముందుకు పోవడం అసాధ్యం. రక్తం గడ్డకట్టే శక్తిని కాలంతో కొలిచే ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్షను ఆర్మండ్ క్విక్ 1935లో ప్రకటించాడు. లింక్ బృందం ఇటువంటి పద్ధతిని కుందేళ్ళకు అనువుగా మలచుకొన్నది. రక్తపు ప్లాస్మాను పలుచన చేసి పరీక్షిస్తే, ప్రోథ్రాంబిన్‌లో కలిగే చిన్న తగ్గుదల కూడా బయటపడుతుందని వారు గ్రహించారు. అదే విషం ఒక్కొక్క కుందేలుపై ఒక్కొక్క విధంగా పనిచేయడం కూడా వారికి అనుభవమయ్యింది.

జూన్ 28, 1939న హెరాల్డ్ కాంప్‌బెల్ అనే శిష్యుడు సుమారు 6 మిల్లీగ్రాముల శుద్ధ స్ఫటికాలను వేరుచేయగలిగాడు. మార్క్ స్టామన్ ఆ పద్ధతిని పెద్ద ఎత్తున అమలుచేసి, కొన్ని నెలల శ్రమతో 1.8 గ్రాములు తయారు చేశాడు. స్టామన్, చార్లెస్ హ్యూబ్నర్ దాని నిర్మాణాన్ని తేల్చగా, ఏప్రిల్ 1, 1940 నాటికి ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేయడం కూడా సాధ్యమైంది. దాని రసాయన నామం 3,3'-మిథిలీన్‌బిస్ (4-హైడ్రాక్సీకుమరిన్). వాడుకలో డైకుమరాల్ అన్న పేరు స్థిరపడింది.

గడ్డిలో సహజంగా ఉన్న కుమరిన్‌కు రక్తాన్ని గడ్డకట్టనీయని గుణం లేదు. గడ్డి తడిసి బూజు పట్టినప్పుడు శిలీంధ్రాల చర్య వలన అది డైకుమరాల్‌గా మారుతుంది. మంచి గడ్డి హాని చేయక, చెడిన గడ్డి మాత్రమే ప్రాణం తీయడానికి కారణం ఇదే.

విరుగుడు

1941 నుండి అమెరికాలోని మేయో క్లినిక్‌లోను, విస్కాన్సిన్ వైద్యశాలలోను డైకుమరాల్‌ను రోగులపై వాడి చూశారు. అప్పటికి రక్తం గడ్డకట్టకుండా ఆపడానికి వైద్యుల వద్ద ఉన్నది హెపారిన్ ఒక్కటే. దానిని సూది ద్వారానే ఇవ్వాలి, ఖరీదు ఎక్కువ. నోటి ద్వారా తీసుకొనే చవకైన మందు రావడం వైద్యరంగంలో పెద్ద మార్పు. శస్త్రచికిత్స తరువాత కాళ్ళ సిరలలో ఏర్పడే గడ్డలకు, ఊపిరితిత్తులకు చేరే గడ్డలకు, గుండెపోటుకు దీనిని వాడసాగారు.

అయితే ఆ మందు భయాన్ని కూడా వెంట తెచ్చింది. డైకుమరాల్ ప్రభావం మొదలు కావడానికి ఒకటి నుండి మూడు రోజులు పట్టేది. మందు ఆపిన తరువాత కూడా అది చాలా రోజులు నిలిచేది. మోతాదు మించితే ఏం చేయాలన్నది వైద్యుల ముందున్న ప్రశ్న. విటమిన్ కె దీనికి విరుగుడుగా పనిచేస్తుందని లింక్ బృందం జంతువులపై చూపింది. ఆకుకూరలలో లభించే ఈ విటమిన్‌ను డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ కనుగొన్నాడు. దాని నిర్మాణాన్ని ఎడ్వర్డ్ డోయిజీ తేల్చాడు. వారిద్దరికీ 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. మొదట కొందరు వైద్యులు ఈ విరుగుడును నమ్మలేదు. వారు వాడిన కృత్రిమ విటమిన్ బలహీనమైనది, మోతాదు చాలలేదు. లింక్ తన వాదనను విడువలేదు. విరుగుడు చేతిలో ఉన్నప్పుడే ఈ మందును ధైర్యంగా వాడవచ్చునన్నది ఆయన అభిప్రాయం. తగిన రూపంలో, తగిన మోతాదులో ఇస్తే విటమిన్ కె పనిచేస్తుందని తరువాత వైద్యశాలలలో కూడా రుజువయింది.

1943లో లింక్ బృందం మరొక సంగతి ప్రకటించింది. డైకుమరాల్ విచ్ఛిన్నమైతే సాలిసిలిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఈ ఆమ్లం ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువు. ఎక్కువ మోతాదులో ఇస్తే అది కూడా ఎలుకలలో ప్రోథ్రాంబిన్‌ను తగ్గిస్తుందని వారు చూపారు. ఆస్పిరిన్ వలన రక్తస్రావం కలగడానికి ముఖ్యకారణం రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలపై దాని ప్రభావమని తరువాత తెలిసింది. ఏమైనా ఈ రెండు రకాల మందులను కలిపి వాడడంలో ఉన్న ప్రమాదాన్ని వైద్యులు నేటికీ గట్టిగా హెచ్చరిస్తారు.

ఎలుకల మందు

డైకుమరాల్ నమూనాగా లింక్ బృందం 1940 దశకంలో సుమారు 150 సమ్మేళనాలను తయారుచేసి పరీక్షించింది. 1945లో ఒక పడవ ప్రయాణం తరువాత లింక్ తీవ్రంగా జబ్బుపడి, కొన్ని నెలలు శానటోరియంలో గడపవలసి వచ్చింది. మంచం మీద ఉన్న ఆ కాలంలో ఆయన ఎలుకల నిర్మూలన చరిత్రను చదివాడు. డైకుమరాల్ ఎలుకలపై మందకొడిగా పనిచేస్తుంది కాబట్టి, తాము తయారుచేసిన సమ్మేళనాలలో ఇంకా బలమైనది ఏదో చూడాలని సంకల్పించాడు. ఆ జాబితాలోని 42వ సమ్మేళనం అందుకు అనువైనదిగా తేలింది.

విస్కాన్సిన్ పూర్వ విద్యార్థుల పరిశోధనా సంస్థ పరిశోధనలకు ధనసహాయం చేసేది. దాని ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలు వార్ఫ్. వాటికి కుమరిన్ అనే మాటలోని చివరి భాగాన్ని చేర్చి వార్ఫరిన్ అని పేరుపెట్టారు. స్టామన్, ఇకావా, లింక్‌ల పేర్లతో 1947లో దీనికి పేటెంటు లభించింది. 1948 నుండి ఎలుకల మందుగా ప్రచారంలోకి వచ్చి ప్రపంచమంతటా వ్యాపించింది. దీనిని ఎలుకలు పసిగట్టలేవు. కొద్ది కొద్దిగా కొన్ని రోజులు తిన్న తరువాతనే రక్తస్రావంతో మరణిస్తాయి. పాత విషాలవలె ఒక్క మోతాదులో ప్రాణం తీసేది కాకపోవడం, విరుగుడు ఉండడం ఇళ్ళలో దీని వాడకానికి దోహదం చేశాయి. వార్ఫరిన్‌కు లొంగని ఎలుకలు 1958లో స్కాట్లండులో కనిపించాయి. ఆ తరువాత వచ్చిన బ్రోడిఫాకమ్ వంటి ఎలుకల మందులు ఇంకా తీవ్రమైనవి. వాటి ప్రభావం శరీరంలో వారాల నుండి నెలల తరబడి నిలుస్తుంది. కనుక పొరపాటున తిన్నవారిని లక్షణాలకై ఎదురుచూడక వెంటనే వైద్యశాలకు చేర్చాలి.

మనుషులకు మందుగా వార్ఫరిన్

ఎలుకల మందును మనుషులకు ఇవ్వడానికి వైద్యులు సహజంగానే సంకోచించారు. 1951లో ఆత్మహత్యకు ప్రయత్నించి వార్ఫరిన్ మింగిన ఒక అమెరికా సైనికుడు, రక్తమార్పిడితోను, విటమిన్ కె తోను పూర్తిగా కోలుకోవడం వారి ఆలోచనను మార్చింది. విరుగుడు గురించి లింక్ చెబుతూ వచ్చినది ఆ సంఘటనతో మనుషులలో కూడా నిలబడింది.

వార్ఫరిన్ సోడియం లవణం నీటిలో కరుగుతుంది. డైకుమరాల్ కంటె బలమైనది, ప్రేగుల నుండి రక్తంలోనికి నమ్మకంగా చేరుతుంది. 1954లో అమెరికా ప్రభుత్వం దీనిని మనుషుల వాడకానికి అనుమతించింది. 1955లో గుండెపోటుకు గురైన అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు ఇచ్చిన మందులలో ఇది ఒకటి. దానితో ఎలుకల మందు అన్న జంకు ప్రజలలో చాలావరకు తగ్గింది. కొన్ని సంవత్సరాలలోనే డైకుమరాల్ స్థానాన్ని వార్ఫరిన్ ఆక్రమించింది.

వ్యక్తిత్వం

లింక్ 1930లో ఎలిజబెత్ ఫెల్డ్‌మన్‌ను వివాహమాడాడు. వారికి ముగ్గురు కుమారులు. ఆమె శాంతి ఉద్యమంలో పాల్గొనేది. లింక్ వేషధారణలో ప్రత్యేకత ఉండేది. పొడవాటి జుట్టు, పెద్ద బో టై, కొన్నిసార్లు భుజాలపై వేలాడే అంగీతో ఆయన విశ్వవిద్యాలయంలో అందరికీ తెలిసిన మనిషి. రాజకీయాలలో ఉదారవాది. విస్కాన్సిన్ నుండే ఎన్నికైన సెనేటర్ జోసెఫ్ మెకార్థీ కమ్యూనిస్టుల వేట సాగిస్తున్న రోజులలో, ఇతర అధ్యాపకులు జంకిన వామపక్ష విద్యార్థి సంఘాలకు ఆయన సలహాదారుగా నిలిచాడు.

తన ఆవిష్కరణల చరిత్రను 1959లో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలో లింక్ స్వయంగా వ్రాశాడు. అందులో రైతు కార్ల్సన్ రాకను, శిష్యులు కాంప్‌బెల్, స్టామన్, హ్యూబ్నర్ తదితరుల కృషిని పేరుపేరునా పేర్కొన్నాడు.

పురస్కారాలు, చివరి రోజులు

లింక్ 1946లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1955లో మౌలిక వైద్య పరిశోధనకు లాస్కర్ పురస్కారం లభించింది. 1960లో ఇర్వింగ్ రైట్, ఎడ్గార్ అలెన్ అనే వైద్యులతో కలిసి వైద్య చికిత్సా పరిశోధనకు మరొకసారి లాస్కర్ పురస్కారం అందుకున్నాడు. 1967లో జాతీయ విజ్ఞాన అకాడమీ కొవలెంకో పతకంతో సత్కరించింది. 1971లో ఉద్యోగ విరమణ చేసి, నవంబర్ 21, 1978న మాడిసన్‌లో గుండె వైఫల్యంతో మరణించాడు.

వార్ఫరిన్ పనిచేసే తీరు

లింక్ జీవితపు చివరి సంవత్సరాలలోనే ఈ మందు పనిచేసే తీరు తెలియవచ్చింది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే 2, 7, 9, 10 సంఖ్యల కారకాలను కాలేయం తయారుచేస్తుంది. వాటిని పూర్తిచేయడానికి విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్‌ను ఒక ఎంజైము మరల వాడుకకు సిద్ధం చేస్తుంది. వార్ఫరిన్ ఆ ఎంజైమును అడ్డుకొంటుంది. ఈ సంగతి తేల్చడంలో లింక్ పనిచేసిన విభాగానికే చెందిన జాన్ సట్టీ బృందం ముఖ్యపాత్ర వహించింది.

దీని వలన రెండు విషయాలు బోధపడతాయి. మొదటిది, వార్ఫరిన్ రక్తాన్ని నిజంగా పలుచన చేయదు. గడ్డకట్టే శక్తిని మాత్రమే తగ్గిస్తుంది. రెండవది, అప్పటికే రక్తంలో తిరుగుతున్న కారకాలను అది ఏమీ చేయదు. అవి అరిగిపోయే వరకు ఆగాలి. అందుచేత ఈ రోజు మార్చిన మోతాదు ఫలితం రెండు మూడు రోజులకు గాని పరీక్షలో కనిపించదు. కొత్తగా గడ్డ ఏర్పడిన రోగులకు తొలి రోజులలో హెపారిన్ వంటి సూదిమందును కూడా కలిపి ఇవ్వడానికి కారణం ఇదే.

ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్షకు వాడే రసాయనం ఒక్కొక్క ప్రయోగశాలలో ఒక్కొక్క విధంగా ఉండడం వలన, ఒకచోటి ఫలితం మరొకచోట పనికివచ్చేది కాదు. ఈ చిక్కును తీర్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐ.ఎన్.ఆర్. అనే ఉమ్మడి కొలమానాన్ని ప్రవేశపెట్టింది. ఈ మందులు వాడనివారిలో అది దాదాపు 1 ఉంటుంది. గుండె లయ తప్పడం, సిరలలో గడ్డలు వంటి వ్యాధులలో సాధారణంగా 2 నుండి 3 మధ్య ఉంచుతారు. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం అమర్చినవారికి 2.5 నుండి 3.5 వరకు అవసరమవుతుంది. ఈ హద్దుకు దిగువన గడ్డ ఏర్పడే ప్రమాదం, ఎగువన రక్తస్రావపు ప్రమాదం పొంచి ఉంటాయి. ఏ కుందేలుకు ఎంత మోతాదు చాలునో ముందుగా చెప్పలేకపోయినట్లే, మనుషులలో కూడా వయసు, ఆహారం, కాలేయపు స్థితి, జన్యువులను బట్టి మోతాదు మారుతుంది. ఇద్దరు రోగులకు ఒకే మోతాదు సరిపోతుందన్న నమ్మకం లేదు.

వాడేవారు తెలుసుకోవలసినవి

భారతదేశంలో కీళ్ళవాతపు జ్వరం వలన గుండె కవాటాలు చెడినవారు, కృత్రిమ కవాటాలు అమర్చుకున్నవారు వార్ఫరిన్‌ను గాని, అదే కుటుంబానికి చెందిన ఎసినోకుమరాల్‌ను గాని వాడుతుంటారు. ఈ రెండింటికీ జాగ్రత్తలు దాదాపు ఒకటే.

* మాత్రను రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మరచిపోయినది అదే రోజు గుర్తుకు వస్తే వేసుకోవచ్చు. మరునాడు గుర్తుకు వస్తే ఆ మాత్రను వదిలివేయాలి. రెండు రోజుల మోతాదు ఒకేసారి వేసుకోరాదు. మాత్రల సంఖ్యను కాక మిల్లీగ్రాములను గుర్తుంచుకోవాలి.
* ఐ.ఎన్.ఆర్. పరీక్ష మొదట్లో కొన్ని రోజులకొకసారి, నిలకడ వచ్చిన తరువాత వైద్యులు చెప్పిన వ్యవధిలో చేయించుకోవాలి. ఒంట్లో బాగానే ఉన్నదని పరీక్ష మానరాదు. హద్దు దాటినా శరీరానికి ముందుగా ఏమీ తెలియదు.
* తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరలలో విటమిన్ కె ఎక్కువ. వీటిని పూర్తిగా మానవలసిన పనిలేదు. వారం వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినడం ముఖ్యం. ఒక్కసారిగా పెంచితే మందు బలం తగ్గుతుంది, ఒక్కసారిగా మానితే పెరుగుతుంది.
* ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను సొంతంగా కొని వేసుకోరాదు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లుకోనజోల్, అమియోడరోన్ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతాయి. మూర్ఛకు వాడే కార్బమజెపిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తాయి. రిఫాంపిసిన్ ఆపిన తరువాత వార్ఫరిన్ ప్రభావం మరల పెరుగుతుంది కనుక ఆ సమయంలో కూడా పరీక్షలు అవసరం. ఆయుర్వేద, మూలికా ఔషధాల సంగతి కూడా వైద్యులకు చెప్పాలి.
* పన్ను తీయించుకొనే ముందు, శస్త్రచికిత్సకు ముందు, కండరానికి సూది వేయించుకొనే ముందు ఈ మందు వాడుతున్నట్లు తెలపాలి. సొంతంగా మందు ఆపివేస్తే, లోహపు కవాటం ఉన్నవారికి కవాటంపై గడ్డ ఏర్పడి ప్రాణాపాయం కలగవచ్చు.
* గర్భం ధరించిన తొలి నెలలలో వార్ఫరిన్ పిండానికి హాని చేయగలదు. గర్భం కోరుకొనే స్త్రీలు ముందుగానే వైద్యులను సంప్రదించాలి. అయితే భయపడి మందు తమంతట తాము ఆపరాదు.
* నల్లని విరేచనాలు, ఎర్రని మూత్రం, ఆగని ముక్కు లేదా చిగుళ్ళ రక్తం, కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపిస్తే వెంటనే వైద్యశాలకు వెళ్ళాలి. తలకు దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. హఠాత్తుగా వచ్చే తీవ్రమైన తలనొప్పి, మాట తడబడడం, ఒక పక్క చచ్చుబడడం కూడా అత్యవసర లక్షణాలే.

రక్తస్రావం తీవ్రమైతే వైద్యశాలలో నరం ద్వారా విటమిన్ కె ఇస్తారు. అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక గడ్డకట్టే కారకాలను కూడా ఎక్కిస్తారు. ఐ.ఎన్.ఆర్. కొద్దిగా పెరిగి రక్తస్రావం లేనప్పుడు ఒకటి రెండు మోతాదులు ఆపడం తరచుగా సరిపోతుంది. ఏది చేయాలన్నది వైద్యులే నిర్ణయించాలి.

2008 నుండి డాబిగట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మందులు అందుబాటులోకి వచ్చాయి. వీటికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష అవసరం లేదు, ఆహార నియమాలు తక్కువ. కాని లోహపు కవాటాలు ఉన్నవారికి ఇవి పనికిరావు. కీళ్ళవాతపు జ్వరంతో గుండె కవాటాలు చెడి గుండె లయ తప్పినవారిలో రివరోక్సబాన్ కంటె పాత మందులే మెరుగని 2022లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో వెల్లడయింది. ఆ కారణంగా లింక్ ప్రయోగశాలలో పుట్టిన మందు తరం వారికి నేటికీ కాలం చెల్లలేదు. చెడిన గడ్డి తిన్న పశువు రక్తాన్ని కొలిచే పరీక్ష గాని, తగిన విరుగుడు గాని 1933లో కార్ల్సన్‌కు అందుబాటులో లేవు. నేటి రోగికి ఆ రెండూ అందుబాటులో ఉన్నాయి.